ఒక పాయింటు ఉంది, ర్యాంకు లేదు

గురువారం రాత్రి ఏడున్నర దగ్గర పడుతుంటే మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. పూజలాంటిదేం కాదు. ఐటీఎఫ్, అంటే అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, నడిపే టోర్నీలకు పేరు ఇవ్వడానికి గడువు ఆ టైముకి ముగుస్తుంది. గ్రీనిచ్ లెక్కలో మధ్యాహ్నం 2 గంటలు, మన గడియారంలో ఏడున్నర. అక్కడికి 18 రోజుల తర్వాత సోమవారంతో మొదలయ్యే వారానికి ఏ ఊరు వెళ్లాలో ఈ రోజే తేల్చుకోవాలి. నాన్న కళ్లజోడు పెట్టుకుని టికెట్ల ధరలు చూస్తుంటారు, అమ్మ వంటింట్లోంచి "ఏమయింది?" అని రెండు నిమిషాలకోసారి అడుగుతుంటుంది. నేను ఫోన్లో నాలుగైదు ఊళ్లకి పేరిచ్చి ఏది ముందు, ఏది వెనక అని సర్దుకుంటూ ఉంటాను.

నాకిప్పుడు 20 ఏళ్లు. వైజాగ్ ఎంవీపీ కాలనీలో పెరిగాను. రెండేళ్లుగా జూనియర్ల ఆట నుంచి పెద్దవాళ్ల ప్రొఫెషనల్ టూరుకి మారే పనిలో ఉన్నాను. మారాను అని రాయలేదు చూడండి, ఇంకా మారుతూనే ఉన్నాను. పొద్దున్న కోర్టు దగ్గర పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల అమ్మానాన్నలు నన్ను ఆపి ఎంతవుతుందమ్మా, ఎలా వెళ్లాలి, ఎన్నాళ్లకి ర్యాంకు వస్తుంది అని అడుగుతున్నారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పడం నా వల్ల కావట్లేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. గెలిచినవాళ్లు రాసిన కథలు చాలా ఉన్నాయి. ఇది ఇంకా ఎటూ తేలని మనిషి రాస్తున్నది.

మొదట్లో నాకు టెన్నిస్ అంటే గోడ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు, ఆట మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. తుపాను వెళ్లాక చూస్తే కోర్టు కంచె మొత్తం కోర్టు మీదే పడుకుని ఉంది, దాని మీద చెట్టు, చెట్టు మీద కరెంటు తీగలు. బాగు చేసేదాకా సార్ మమ్మల్ని ఒక గోడ ముందు వరసగా నిలబెట్టి కొట్టించారు. గోడ తప్పు చేయదు, అలిసిపోదు, ఎంత గట్టిగా కొడితే అంత గట్టిగా తిప్పి పంపిస్తుంది. పద్దెనిమిదేళ్లు వచ్చాక పెద్దవాళ్లతో ఆడిన మొదటి మ్యాచ్‌లో నాకు ఆ గోడే గుర్తొచ్చింది. ఆ సంగతి తర్వాత.

జూనియర్ రోజులు త్వరగా చెప్పేస్తాను, అవి అందరివీ ఒకలాగే ఉంటాయి. ఐటా, అంటే మన దేశ టెన్నిస్ సంఘం, టోర్నీలు అండర్-12, 14, 16, 18. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కితే పొద్దున్నకి హైదరాబాద్, అక్కడ ఆడి, ఓడి, మళ్లీ అదే రైల్లో వెనక్కి. తర్వాత ఐటీఎఫ్ జూనియర్లు, అందులో కింది మెట్లయిన జె30లు, జె60లు. అంతర్జాతీయ జూనియర్ ర్యాంకింగ్‌లో నా బెస్ట్ 460 ప్రాంతం. ఇంట్లో అది పెద్ద సంబరం, బంధువులకి "ప్రపంచంలో 460" అని చెప్పుకున్నాం. కానీ జూనియర్లలో మొదటి 100 మందిలో ఉంటేనే పెద్దవాళ్ల చిన్న టోర్నీల్లో కొన్ని చోట్లు అట్టిపెడతారు. 460కి అక్కడ విలువ లేదు. ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే చివరి ఏడాది జె30ల వెంట అంత డబ్బు తగలేసేవాళ్లం కాదు. ఇది నా అభిప్రాయం, సార్ ఒప్పుకోరు.

2023లో పద్దెనిమిది నిండాక ఇంట్లో రెండు నెలలు ఒకటే చర్చ. అమెరికా కాలేజీకి వెళ్లాలా, నేరుగా టూరులో దిగాలా? సార్ ఓటు అమెరికాకే. దానికి బలమైన కారణం ఉంది, మన వైజాగ్‌లో పెరిగిన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీలో చదువుకుంటూ ఆడి వచ్చాకే 2014 ఏషియన్ గేమ్స్‌లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు, 2016లో యూఎస్ ఓపెన్ సింగిల్స్ మెయిన్ డ్రాలోకి క్వాలిఫై అయ్యాడు. అమ్మాయిల్లో సహజ యమలపల్లి అమెరికాలో సామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీకి ఆడి తిరిగొచ్చి దేశంలో అగ్రశ్రేణిలో నిలిచింది. నాలుగేళ్లు కోర్టు, కోచ్, తిండి, చదువు అన్నీ కాలేజీ చూసుకుంటుంది, ఏటా పాతిక మ్యాచ్‌లు ఖాయం. కాగితం మీద చూస్తే వాదించడానికి ఏమీ లేదు.

నేనే వద్దన్నాను. నాకు వచ్చిన రెండు ఆఫర్లూ సగం స్కాలర్‌షిప్పులే, మిగతా సగం రూపాయల్లోకి మార్చి నాన్న కాగితం మీద వేసి చూపించారు. ఆ కాగితం చూశాక "అంత డబ్బే పెడితే రెండేళ్లు టూరు ఆడొచ్చు కదా నాన్నా" అన్నాను. నాన్న కాసేపు ఏమీ అనకుండా "రెండేళ్లే మరి" అన్నారు. డిగ్రీ మాత్రం ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్యలో కట్టాలన్నది అమ్మ షరతు, కట్టాను. ఆ నిర్ణయం సరైనదో కాదో ఈ రోజుకీ తెలియదు. కొన్ని ఆదివారాలు తప్పనిపిస్తుంది.

కొత్త సభ్యత్వం కట్టడం, మ్యాచ్ ఫిక్సింగ్ గురించిన ఆన్‌లైన్ పాఠం పూర్తి చేయడం (అది చేయకపోతే ఆడనివ్వరు), డోపింగ్ జాబితా చదవడం, ఇవన్నీ వారంలో అయిపోయాయి. జాబితా చదివాక సార్ అమ్మ మందుల సంచీ మొత్తం బల్ల మీద పోయించి ఒక్కొక్కటీ చూశారు. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ టోర్నీ సమయంలో మోతాదు మించితే నిషేధం. ఎవరో ఇచ్చిన ఆయుర్వేద పొడి డబ్బా మీద లోపల ఏముందో రాసి లేదు, సార్ దాన్ని తీసి పక్కన పడేశారు. అమ్మ ఆ డబ్బా గురించి ఇప్పటికీ బాధపడుతుంది.

మొదటి డబ్ల్యూ15 మన దేశంలోనే, ఉత్తరాదిన ఒక ఊళ్లో. డబ్ల్యూ15 అంటే మొత్తం ప్రైజ్ మనీ 15 వేల డాలర్లు. ఆడవాళ్ల టూరులో అన్నిటికంటే కింది మెట్టు అది, పైన 35, 50, 75, 100 ఉంటాయి. నాకు క్వాలిఫయింగ్‌లో, అంటే అసలు పోటీ అయిన మెయిన్ డ్రాకి చేరడానికి ముందు ఆడే రౌండ్లలో, చోటు దొరికింది. అవతలి ఆమె నాకంటే పదేళ్లు పెద్ద, మోకాలికి పట్టీ, నడక చూస్తే నెమ్మది. వార్మప్‌లో ఆమె బంతులు చూసి లోపల్లోపల సంతోషపడ్డాను, ఏమీ బలం లేదు కదా అని. 2-6, 1-6. గంట కూడా పట్టలేదు. ఆమె ఒక్క విన్నర్, అంటే నేను అందుకోలేని షాట్, కొట్టినట్టు గుర్తు లేదు. ప్రతి బంతీ కోర్టు మధ్యలో, బేస్‌లైన్‌కి అడుగు దూరంలో పడేది, నేను పక్కలకి తెరిచి కొట్టడానికి కోణం దొరికేది కాదు. నా రెండో సర్వీస్ వచ్చినప్పుడు మాత్రం రెండడుగులు ముందుకు జరిగి నిలబడేది. జూనియర్లలో నా రెండో సర్వీస్‌ని ఎవరూ అలా చూడలేదు. అదే గోడ, కాకపోతే ఈ గోడ ఆలోచిస్తుంది.

ఓడిపోయింది ఆదివారం పొద్దున్న పదిన్నరకి. రైలు బుధవారం.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కడ మొదలవుతుంది. జూనియర్లలో ఓడితే డబుల్స్ ఉండేది, స్నేహితురాళ్లు ఉండేవాళ్లు, అందరం కలిసి ఎవరో ఒకరి మ్యాచ్ చూసి ఐస్‌క్రీమ్ తిని వచ్చేవాళ్లం. ఇక్కడ ఆదివారం పదిన్నర నుంచి బుధవారం దాకా నేను ఎవరికీ అక్కర్లేదు. ప్రాక్టీస్ కోర్టు కాగితంలో పేరు రాయడానికి వెళ్తే మెయిన్ డ్రా వాళ్లదే ముందు హక్కు. నాతో కొడతారా అని ఎవరినైనా అడిగితే మొదటి ప్రశ్న "మీ ర్యాంకు ఎంత?" అమ్మా నేనూ హోటల్ గదిలో సీరియల్ చూస్తూ కూర్చున్నాం. సాయంత్రం అమ్మ "ఇక్కడ గుడి ఏదైనా ఉందేమో కనుక్కో" అంది. ఆ మూడు రోజులకి గది అద్దె, తిండి ఎంతయిందో నాన్న డైరీలో రాసి ఉంది. షాట్లు, ఫిట్‌నెస్, మెంటల్ స్ట్రెంగ్త్, వీటి గురించి నాకు అందరూ చెప్పారు. ఓడిన తర్వాత వారంలో మిగిలిన రోజుల్ని ఏం చేసుకోవాలో ఒక్కరూ చెప్పలేదు. లెక్కేస్తే ఈ వృత్తిలో నేను కోర్టులో మ్యాచ్ ఆడిన గంటలకంటే ఇలా కూర్చున్న గంటలే చాలా రెట్లు ఎక్కువ.

ఆ రోజుల్లోనే నాన్న పేపర్లో సుమిత్ నాగల్ ఇంటర్వ్యూ వార్త చూశారు. అప్పట్లో దేశంలో నంబర్ వన్ ఆటగాడు, ఏడాదంతా ఆడాక బ్యాంకులో 900 యూరోలు మిగిలాయని 2023లో చెప్పాడు. ఆ పేపర్ మడిచి సోఫా కింద పెట్టేశారు, నేను చూడకూడదని. నేను ఫోన్లో అప్పటికే చదివేశాను. మళ్లీ 2024 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో అదే నాగల్ 31వ సీడ్ బుబ్లిక్‌ని ఓడించినప్పుడు, రెండో రౌండ్‌కి వచ్చినందుకే లక్షా 80 వేల ఆస్ట్రేలియన్ డాలర్లని వార్త వస్తే, నాన్న ఆ పేపర్ని మాత్రం టీపాయ్ మీద అందరికీ కనపడేట్టు వారం రోజులు ఉంచారు.

ఆ తర్వాతే మొనాస్టిర్. ట్యునీషియాలో సముద్రం ఒడ్డున ఒక ఊరు. అక్కడ దాదాపు వారం వారం ఈ 15 వేల డాలర్ల టోర్నీలు జరుగుతూనే ఉంటాయి, మగవాళ్లవీ ఆడవాళ్లవీ. ఒకే చోట మూడు వారాలు ఆడొచ్చు కాబట్టి టికెట్ ఖర్చు కలిసొస్తుందని ప్రపంచంలో నాలాంటి వాళ్లంతా అక్కడికే చేరతారు. విమానాలు, హోటల్, తిండి, రాకెట్లు స్ట్రింగ్ చేయించడం కలిపి ఇద్దరికి మూడు వారాలకి మూడు లక్షల ఇరవై వేలు. అక్కడ మెయిన్ డ్రా మొదటి రౌండ్‌లో ఓడితే వచ్చేది 150 డాలర్లకి అటూ ఇటూ, అందులోనూ పన్ను కోసి ఇస్తారు. టోర్నీ మొత్తం గెలిచినా రెండు వేల డాలర్ల పైచిలుకే. మొదటి రోజు సాయంత్రం అమ్మ బీచ్‌కి వెళ్లి నిలబడి "ఏటే ఇది, మోత లేదు" అంది. నిజమే, అలలే లేవు, చెరువులా ఉంది. వైజాగ్‌లో కిటికీ మూసినా వినపడుతుంది కదా మన సముద్రం.

మొదటి వారం క్వాలిఫయింగ్ మొదటి రౌండ్‌లోనే ఓడాను. క్వాలిఫయింగ్‌లో మూడో సెట్ ఉండదు, పది పాయింట్ల టైబ్రేక్ ఆడిస్తారు. 8-8 దగ్గర రెండు సర్వీసులూ తప్పి డబుల్ ఫాల్ట్, తర్వాతి పాయింట్ ఆమె కొట్టిన బంతి లైన్ మీద పడిందో బయట పడిందో ఈ రోజుకీ నాకు అనుమానమే. ఆ కోర్టులో చైర్ అంపైర్ లేరు, లైన్లు మనమే చెప్పాలి, నేను "గుడ్" అన్నాను. అంత దూరం వచ్చి బయట అని చెప్పడానికి నోరు రాలేదు, సందేహముంటే అవతలివాళ్లకే అని సార్ చిన్నప్పటి నుంచి నేర్పించారు. కొందరు అలా ఉండరు. దాని గురించి రాయడం మొదలుపెడితే ఇంకో పెద్ద వ్యాసం అవుతుంది.

రెండో వారం క్వాలిఫయింగ్ చివరి రౌండ్‌లో ఓడాను. అప్పుడు లక్కీ లూజర్ జాబితాలో సంతకం పెట్టాలి. మెయిన్ డ్రాలో ఎవరైనా చివరి నిమిషంలో తప్పుకుంటే ఆ జాబితాలో పైన ఉన్నవాళ్లకి చోటు. మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికల్లా తయారై, బూట్లు కట్టుకుని, రాకెట్ సంచీ భుజానికేసుకుని రిఫరీ ఆఫీసు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ప్రతి మ్యాచ్ మొదలయ్యేటప్పుడు ఇద్దరూ వచ్చారో లేదో చూడటం, వచ్చారు, సరే, తర్వాతి మ్యాచ్. గంటకోసారి లేచి తాడాట ఆడి ఒళ్లు వేడెక్కించుకుని మళ్లీ కూర్చోవడం. ఎవరికైనా కాలు బెణకాలని కోరుకోకూడదని తెలుసు. కోరుకోలేదని మాత్రం చెప్పను. అమ్మ చోడి పిండి అంబలి సీసాలో పోసి తెచ్చింది, ఇద్దరం తాగాం. సాయంత్రం నాలుగయ్యాక రిఫరీ బయటికొచ్చి నా పేరు పిలిచింది, మామూలుగా ఎవరికీ పలకని ఆ పేరుని ఆమె కూడా తప్పుగానే పలికింది, కానీ నాకు అర్థమైంది. పదిహేను నిమిషాల్లో కోర్టులో ఉండాలి.

అవతల వైల్డ్ కార్డ్ మీద, అంటే నిర్వాహకులు నేరుగా ఇచ్చిన చోటుతో, వచ్చిన పదహారేళ్ల స్థానిక అమ్మాయి. ఆమె కళ్లలో నేనున్నాను, నా మొదటి మ్యాచ్‌లోని నేను. ఆ మోకాలి పట్టీ ఆవిడ నాకేం చేసిందో అదే ఈ పిల్లకి చేశాను, కోర్టు మధ్యలోకి, లోతుగా, మళ్లీ మళ్లీ. 6-3, 6-4. అందమైన ఆట కాదు, సిగ్గుగా కూడా అనిపించింది కొంచెం. తర్వాతి రౌండ్‌లో సీడెడ్ ప్లేయర్ చేతిలో 1-6, 2-6. కానీ డబ్ల్యూ15లో మొదటి రౌండ్ గెలిస్తే ఒక డబ్ల్యూటీఏ పాయింటు, ఆడవాళ్ల ప్రొఫెషనల్ టెన్నిస్ ర్యాంకులు లెక్కేసేది వీటితోనే. ఒకటి. 2024 మార్చి.

నాన్నకి ఫోన్ చేస్తే మన దగ్గర అర్ధరాత్రి దాటింది. "ర్యాంకు ఎంతొచ్చింది?" అన్నారు ముందు. "ర్యాంకు రాలేదు నాన్నా." "పాయింటొచ్చిందన్నావు కదా?"

ఇది చాలామందికి తెలియదు, మాకూ తెలియలేదు. డబ్ల్యూటీఏ ర్యాంకింగ్‌లో పేరు కనపడాలంటే కనీసం మూడు వేర్వేరు టోర్నీల్లో పాయింట్లు తెచ్చుకోవాలి, లేదా మొత్తం మీద పది పాయింట్లు ఉండాలి. అదీ 52 వారాల లోపల, ఎందుకంటే ఏ పాయింటైనా ఏడాది తిరిగేసరికి రాలిపోతుంది. అంటే నా పాయింటుకి ఆయుష్షు వచ్చే మార్చి దాకా. ఈలోపు ఇంకో రెండు టోర్నీల్లో ఒక్కో రౌండ్ గెలిస్తే లోకం దృష్టిలో నేనున్నట్టు, లేకపోతే లేనట్టు. నాన్న అంతా విని "చిట్‌ఫండ్‌లా ఉందే" అన్నారు. ఇంటికొచ్చాక పక్కింటి మామ్మగారు "ఏటమ్మా, ఫారిన్ వెళ్లొచ్చావు, గెలిచావేటి?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక "ఒకటి గెలిచాను మామ్మా" అన్నాను. "ఒకటంటే ఫస్టు వచ్చావన్నమాట" అని ఆవిడ వీధంతా చెప్పేసింది. నేను సరిచేయలేదు.

సార్ మాత్రం పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆయన దగ్గర అంతకు ముందు ఆడిన ఒక అక్క ఉండేది, 2019లో నిబంధనలు మార్చి ఈ 15 వేల డాలర్ల టోర్నీలకు అసలు డబ్ల్యూటీఏ పాయింట్లే లేకుండా చేశారు, వేరే ఐటీఎఫ్ ర్యాంకింగ్ అన్నారు, ఆటగాళ్లు గొడవ చేస్తే ఆ ఏడాదిలోనే మళ్లీ వెనక్కి తెచ్చారు. ఆ కొన్ని నెలల్లోనే ఆ అక్క ఆట మానేసి బ్యాంకు పరీక్షలకి కూర్చుంది. "నీకు కనీసం లెక్క స్థిరంగా ఉంది, ఆడుకో" అన్నారు సార్. ఆయన ఓదార్పు అలాగే ఉంటుంది.

ఆ వేసవంతా రెండో సర్వీస్ మీదే పెట్టాం. పొద్దున్న అయిదున్నరకి కోర్టులో ఉంటే ఏడున్నరకల్లా చొక్కా పిండొచ్చు, వైజాగ్ ఉక్కపోత అలాంటిది, బంతులు తేమకి ఉబ్బి బరువెక్కుతాయి. రోజుకి రెండు బుట్టల రెండో సర్వీసులే. స్పిన్ ఎక్కించడం, బంతిని అవతలివాళ్ల భుజం ఎత్తుకి లేపడం, ముఖ్యంగా శరీరం మీదకి వేయడం. ఇంట్లో నాన్న ఒక పాత స్ట్రింగింగ్ మెషిన్ కొన్నారు, సెకండ్ హ్యాండ్‌ది, బరువు కిందికి వేలాడి బిగువు చూసే రకం. ఊళ్లు తిరిగినప్పుడు ఒక్కో రాకెట్‌కి ఎంత తీసుకుంటున్నారో చూశాక, 200 మీటర్ల రీలు కొంటే పదహారు, పదిహేడు రాకెట్లకి వస్తుందని లెక్కేసి నేర్చుకున్నారు. మొదటి రాకెట్‌కి మూడు గంటలు పట్టింది, రెండు చోట్ల తీగ మెలిపడింది, వేలు కోసుకున్నారు. ఇప్పుడు టీవీలో వార్తలు చూస్తూ నలభై నిమిషాల్లో చేసేస్తారు. నాకు తెలిసి ఈ రెండేళ్లలో మా ఇంట్లో స్పష్టంగా మెరుగుపడిన మనిషి ఆయనే.

రెండో పాయింటు దీపావళి వెళ్లిన రెండో వారంలో వచ్చింది, దేశంలోనే ఇంకో డబ్ల్యూ15లో. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, అవతలి అమ్మాయికి రెండో సెట్‌లో నడుం పట్టేసి ఆపేసింది. పాయింటు పాయింటే.

ఇక మార్చి లోపు మూడోది కావాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నాలుగు టోర్నీలు. మూడింటిలో క్వాలిఫయింగ్‌లోనే పోయాను. నాలుగోదానిలో మెయిన్ డ్రాకి చేరి మొదటి రౌండ్‌లో మూడో సెట్ 5-3తో ముందున్నాను, నా సర్వీస్. ఒక్క గేమ్. 2025 నుంచి స్టాండ్స్‌లో ఉన్న కోచ్ ఆటగాళ్లకి సలహా చెప్పొచ్చని నిబంధన మారింది, సార్ రాలేదు కాబట్టి నా కోచ్ అమ్మ. నేను టవల్ కోసం అటువైపు వెళ్లినప్పుడు అమ్మ ఎంతో ఆలోచించి చెప్పిన సలహా "నీళ్లు తాగు." తాగాను. రెండు డబుల్ ఫాల్టులు, ఒక వాలీ నెట్‌లోకి, 5-4. తర్వాత 5-5, 6-6, టైబ్రేక్ 5-7. వేసవంతా చేసిన సర్వీసే, ఉబ్బిన బంతులతో వేల సార్లు వేసిన సర్వీసే, ఆ గేమ్‌లో చేయి రాయిలా అయిపోయింది. ఎందుకో నాకు తెలుసు. నేను ఆమెతో ఆడటం లేదు, మార్చి నెలతో ఆడుతున్నాను.

గదికొచ్చి ఫోన్ తెరిస్తే ఇన్‌స్టాగ్రామ్‌లో పదకొండు మెసేజ్‌లు, ఒక్కరూ తెలిసినవాళ్లు కాదు. ఇంగ్లీషులో, ఇంకేవో భాషల్లో. నా మీద పందెం కాసి పోగొట్టుకున్నవాళ్లు. ఈ చిన్న టోర్నీల స్కోర్లు కూడా పాయింట్ పాయింట్‌కి బెట్టింగ్ సైట్లకి వెళ్తాయి, 5-3 దగ్గర నేను గెలుస్తానని డబ్బు పెట్టి ఉంటారు. తిట్లు సరే, ఒకడు అమ్మ గురించి రాశాడు, పక్క మంచం మీద అమ్మ పడుకుని ఉంది. స్క్రీన్‌షాట్లు తీసి రిపోర్ట్ చేశాను, ఎకౌంట్ ప్రైవేట్ చేశాను. టూరుకి వెళ్లబోయే చెల్లెళ్లకి నేను ఖచ్చితంగా ఇచ్చే సలహా ఒకటే, మ్యాచ్ అయ్యాక గంట దాకా ఫోన్ అమ్మ దగ్గరే ఉంచండి.

మార్చిలో ఒక సోమవారం మొదటి పాయింటు పోయింది. పోయినట్టు ఎవరూ చెప్పరు, ఉత్తరం రాదు. రెండున్నది ఒకటైంది, అంతే. ఆ రోజు సాయంత్రం నాన్న స్కూటర్ మీద ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లారు, మురీ మిక్స్చర్ తిన్నాం, ఒక్క మాటా టెన్నిస్ గురించి కాదు. వచ్చేటప్పుడు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం "రెండేళ్లు అన్నాను కానీ ఏ నెల నుంచో అనుకోలేదు కదా" అన్నారు. హెల్మెట్ లోంచి సరిగా వినపడనట్టు ఊరుకున్నాను.

ఆ తర్వాత ఒకటి మారింది. ఓడిన తర్వాతి రోజుల్ని ఖాళీగా వదలడం మానేశాను. ఇప్పుడు ఓడిన రోజు మధ్యాహ్నమే డబుల్స్ సంతకం జరుగుతుంటే వెళ్లి నిలబడి ఒంటరిగా వచ్చిన ఎవరినో ఒకరిని పట్టుకుంటాను. ర్యాంకు అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లను, నాలాగే ఓడినవాళ్ల దగ్గరికే వెళ్తాను, ప్రాక్టీస్‌కి వాళ్లే దొరుకుతారు. ఇద్దరు ఓడినవాళ్లు కలిసి కొట్టినంత కసిగా గెలిచినవాళ్లు కొట్టరు. మిగతా సమయం డిగ్రీ పుస్తకాలు, అకౌంటెన్సీ. మధ్యలో ఒక థాయ్‌లాండ్ ప్రయాణంలో అలా కలిసిన ఒక వియత్నాం అమ్మాయి గది పంచుకుంటానంటే అమ్మ మొదటిసారి నన్ను ఒంటరిగా పంపింది. వైజాగ్ నుంచి సింగపూర్ మీదుగా వెళ్లాను, ఎయిర్‌పోర్టులో అమ్మ ఏడవలేదు, చోడి పిండి ఎక్కువ పెట్టింది. ఖర్చు సగానికి దిగింది. ఆ ట్రిప్‌లో ఇంకో పాయింటు వచ్చింది, ఈసారి ఎవరి నడుమూ పట్టలేదు, మూడు సెట్లు, రెండు గంటల నలభై నిమిషాలు, 5-4 మీద సర్వీస్ చేసి గెలిచాను.

కాబట్టి ఇప్పుడు మళ్లీ రెండు. దీపావళి తర్వాతది నవంబరులో రాలుతుంది. ఇది అక్టోబరు.

ఈ గురువారం ఏడున్నరకి పేరిచ్చాను. జాబితా వచ్చేసరికి క్వాలిఫయింగ్‌లో ఆల్టర్నేట్ 5. అంటే నా పైన ఐదుగురు తప్పుకుంటేనే నాకు చోటు ఖాయం. మంగళవారం విత్‌డ్రా గడువు, అప్పటికి నలుగురైదుగురు మామూలుగా జారుకుంటారు, కానీ టికెట్ ధర అప్పటిదాకా ఆగదు. నాన్న రెండూ లెక్కేసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "మంగళవారం దాకా చూద్దామా, ఇప్పుడే కొందామా?" అన్నారు. బయట వాన మొదలైంది. మెషిన్ మీద రాకెట్ సగం అల్లి ఉంది.

"కొనెయ్యి నాన్నా," అన్నాను. "ఆ రాకెట్‌కి మాత్రం బిగువు రెండు పౌండ్లు తగ్గించు, అక్కడ కూడా బంతి బరువెక్కుతుంది."